హరిత ప్రయోగశాల నమూనా ఫ్యూమ్ హుడ్ దగ్గర మొదలుకావాలి

సంపాదకులకు నమస్కారం.

వ్యర్థాలనూ, హానికర పదార్థాలనూ తగ్గించే హరిత రసాయనశాస్త్రంలో అంకుర సంస్థలు పెట్టదలచిన యువతకు విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోనే ప్రయోగశాలలు కట్టి ఇవ్వాలని కోరుకునేవారిలో నేనొకడిని. అయితే ఆ భవనం నమూనాను కప్పు మీది సౌర ఫలకాలతో మొదలుపెడితే అసలు ఖర్చు కంటపడదు. రసాయన ప్రయోగశాలలో విద్యుత్తును మింగేది ముఖ్యంగా ఫ్యూమ్ హుడ్, అంటే ప్రయోగాల్లో వచ్చే ఆవిరులను బయటికి లాగేసే, ముందు ఎత్తిదించే అద్దం ఉన్న పెట్టె.

మీటరున్నర వెడల్పున్న హుడ్ అద్దాన్ని అరమీటరు ఎత్తి, సెకనుకు అరమీటరు వేగంతో గాలి లాగితే గంటకు 1,350 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతుంది. ద్రావణుల, అంటే పదార్థాలను కరిగించే ద్రవాల, ఆవిరి కలిసి ఉంటుంది గనుక ఆ గాలిని తిరిగి గదిలోకి వదలకూడదు. అంటే హైదరాబాద్ మే ఎండలో 40 డిగ్రీల గాలిని ఖర్చుపెట్టి చల్లబరచి, ఆ చల్లదనాన్ని కప్పు మీది గొట్టం గుండా పారబోస్తున్నామన్నమాట. అద్దం తెరిచిన మేరకే గాలి లాగే ఏర్పాటు ఉంటే, దాన్ని 15 సెంటీమీటర్లకు దించగానే ఆ గాలి 405 ఘనపు మీటర్లకు తగ్గుతుంది. ఇందుకు కావలసిన గాలి గొట్టాల దారులూ, యంత్రాల గదీ శ్లాబు వేయకముందే ఖరారు కావాలి. నేను పాఠం చెప్పిన ఒక కళాశాలలో హుడ్లు భవనం కట్టడం అయ్యాక చివర్లో వచ్చాయి. గొట్టాలు పోవడానికి దారిలేక కిటికీలు పగలగొట్టారు, ఆ గదుల్లో పిల్లలు ఏళ్లతరబడి ఆ వాసన పీల్చారు.

బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం చెక్కతో కడుతున్న ఇటువంటి ప్రయోగశాల 2014లో కాలిపోతే, పట్టుదలగా మళ్లీ చెక్కతోనే కట్టి 2017లో తెరిచింది. ఆ పట్టుదల మనకు ఆదర్శమే కానీ, అక్కడి చల్లని వాతావరణానికి కుదిరిన గాలి ఏర్పాట్లను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేము.

ఇక వ్యర్థాల సంగతి. ఔషధ పరిశ్రమలో కిలో ఉత్పత్తికి 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకు మించి వ్యర్థం వస్తుందని 1992లో రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ లెక్కగట్టారు. అందులో ద్రావణుల వాటా చాలా పెద్దది. పరిశ్రమల వ్యర్థాలతో పటాన్‌చెరు నక్కవాగు ఏమైందో చూసిన మనకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. క్లోరిన్ ఉన్న ద్రావణులను వేరుగా పట్టే చోటు ప్రతి అంతస్తులోనూ, వాటిని శుద్ధిచేసి మళ్లీ వాడుకునే ఉమ్మడి గది ఒకటి కిందా ఉండాలి. ఆవిరిని చల్లబరచి ద్రవంగా మార్చే కండెన్సర్ల నీరు మోరీలోకి పారకుండా చల్లబడి తిరిగి రావాలి.

టెండరు పిలిచే ముందు భవన శిల్పులతో పాటు పరిశోధక విద్యార్థులనూ, ప్రయోగశాల సహాయకులనూ కూర్చోబెట్టాలని విశ్వవిద్యాలయ పాలకులను కోరుతున్నాను. అద్దెను చదరపుటడుగుల లెక్కనే కాక, ప్రతి సంస్థకూ విడి మీటరు పెట్టి వాడిన గాలికీ, నీటికీ కూడా వసూలు చేస్తే, పని ముగిశాక హుడ్ అద్దం దించే అలవాటు మొదటి నెల నుంచే వస్తుంది.

– ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్