మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: పెద్దల భద్రత

సభ్యులందరికీ నమస్కారం.

రోడ్లు, డ్రైనేజీ, బతుకమ్మ ఖర్చుల లెక్కలు కోశాధికారి గారు విడిగా ఇచ్చారు. నేను రాసేది మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా ఉన్న పెద్దలు తప్పిపోకుండా మనం చేసిన పని గురించి.

మూడో లైన్లో ఒక పెద్దాయన ఉన్నారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. గత జులైలో ఒకరోజు తెల్లారి ఐదింటికి ఇస్త్రీ ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి బయల్దేరారు. వాచ్‌మన్ గేటు తీసి నమస్తే కూడా పెట్టాడు. అతన్నేమీ అనలేం, జబ్బు సంగతి ఆ ఇంట్లోవాళ్లు ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో పరువు పోతుందని కొడుకూ కోడలూ ఎనిమిదింటి దాకా తామే వెతుక్కున్నారు. చివరికి ఆయన సికింద్రాబాద్ వెళ్లే బస్సులో దొరికారు. ప్రయాణికులను టికెట్లు అడుగుతుంటే కండక్టరమ్మకు విషయం అర్థమై, పక్కనే కూర్చోబెట్టుకుంది. (ఆ కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను.)

2023లో వచ్చిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. మన కాలనీలో లేదనే అనుకున్నాం. సెప్టెంబర్ 21న, అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం) దినం నాడు, మీటింగ్ పెట్టి అడిగితే ఇంకో నాలుగు ఇళ్లు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ ఐదుగురి తాజా ఫొటోలు వాచ్‌మన్ దగ్గర, ఇస్త్రీ బండి దగ్గర, ఆటో స్టాండులో ఉన్నాయి.

జీపీఎస్ వాచీలు కొన్నాం. నిజం చెప్పాలంటే డబ్బు దండగ. ఒకటి ఛార్జింగ్ లేక టీవీ మీదే పడి ఉంది, ఇంకోటి ఒక పెద్దావిడ విప్పి పప్పు డబ్బాలో దాచారు. పనికొచ్చింది మాత్రం చొక్కా కాలర్ లోపల, జాకెట్టు అంచున ఫోన్ నంబరు కుట్టించడం. వీధి తలుపుకు ఆవు మెడగంట కట్టడం కూడా. అర్ధరాత్రి గడియ కదిలితే ఇల్లంతా లేస్తుంది. అయితే వాళ్లను ఒంటరిగా లోపలుంచి బయట తాళం వేయకండి. నిప్పంటుకుంటే?

పొద్దుగూకే వేళకు చాలామంది ‘మా ఇంటికి పోతా’ అని మొదలెడతారు. ‘ఇదే కదా మన ఇల్లు’ అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. సరే పదమని చెప్పులేయించి, లైనంతా ఓ చుట్టు తిప్పి తీసుకొస్తే తేలిగ్గా కుదుటపడుతున్నారని రెండిళ్లవాళ్లు చెప్పారు.

మనిషి కనబడకపోతే పదిహేను నిమిషాలు వెతకండి, దొరక్కపోతే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్న రూలేదీ లేదు. పెద్దల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567 (ఎల్డర్‌లైన్) సలహాలకు మంచిదే కానీ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే పలుకుతుంది.

వెనక గేటు కెమెరా ఇంకా బాగుకాలేదు. మూడుసార్లు అడిగాను, వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను. నాలుగో లైన్ నుంచి వాలంటీర్లు కూడా కావాలి.

– కార్యదర్శి