ఇసకలో ఇనుప రజను, సున్నా దగ్గర చుక్క

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో ఇనుప సూపర్ కండక్టర్ల గురించి సగం చెప్పేసరికి లైన్ కట్టయింది. మిగతాది చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

సీతానగరం దగ్గర పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతాన్ని దారానికి కట్టి కృష్ణ ఇసకలో లాగేవాళ్లం, గుర్తుందా? పైకి తీస్తే నల్ల రజను ముళ్లపందిలా నిక్కబొడుచుకునేది. ఇనుమంటే మనకి అదే. సూపర్ కండక్టివిటీకి, అంటే నిరోధం లేకుండా కరెంటు పారే గుణానికి, అయస్కాంతత్వం బద్ధశత్రువని చాలాకాలం అనుకున్నారు. అలాంటిది 2008లో టోక్యోలో హొసోనో అనే శాస్త్రవేత్త బృందం, ఇనుము, ఆర్సెనిక్ ఉన్న పదార్థంలో 26 కెల్విన్ల దగ్గర (అంటే మైనస్ 247 డిగ్రీల సెల్సియస్) కరెంటుకి నిరోధమే లేకుండా చేసింది! రోజూ ట్రాన్స్‌ఫార్మర్ల వేడితో వేగేవాడివి, నీకు కాక ఇంకెవరికి చెప్పను?

అసలు సంగతి బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో ఉంది. దాన్ని సుమారు 138 కెల్విన్ల కిందకి చల్లారిస్తే ఇనుప పరమాణువుల స్పిన్‌లు (ఒక్కోటీ ఓ బుల్లి అయస్కాంతం అనుకో) మంగళగిరి చీర చారల్లా సర్దుకుంటాయి. ఒక వరసంతా ఇటు, పక్క వరసంతా అటు. ఇప్పుడు ఆర్సెనిక్ కొంత తీసి ఫాస్ఫరస్ పెట్టు. రెండిటి వేలెన్సీ ఒకటే, కాబట్టి ఎలక్ట్రాన్లు పెరగవు, తగ్గవు. ఫాస్ఫరస్ చిన్నది కావడంతో లోపల కాస్త నొక్కినట్టవుతుంది, అంతే. పాళ్లు పెంచేకొద్దీ ఆ చారలు ఏర్పడే ఉష్ణోగ్రత దిగిపోయి, ఫాస్ఫరస్ 30 శాతం దగ్గర సున్నా కెల్విన్‌కి చేరుతుంది. ఐసు కరగాలంటే వేడి కావాలి కదా. ఇక్కడ వేడన్నదే లేదు, అయినా క్రమం చెదిరిపోతుంది! చెదరగొట్టేది క్వాంటమ్ ఊగిసలాట, అంటే సున్నా దగ్గర కూడా ఆగని కదలిక. ఆ చోటినే క్వాంటమ్ క్రిటికల్ పాయింట్ అంటారు.

సూపర్ కండక్టివిటీ కూడా అక్కడే గట్టిగా ఉంటుంది, సుమారు 30 కెల్విన్ల దాకా. ఆ ఉష్ణోగ్రతకి పైన నిరోధం ఉష్ణోగ్రతతో పాటు తిన్నగా గీత గీసినట్టు పెరుగుతుంది. మామూలు లోహమైతే బాగా చల్లబడ్డాక ఉష్ణోగ్రత వర్గాన్ని బట్టి పెరగాలి. 2012లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు, అయస్కాంత క్షేత్రం లోపలికి ఎంత లోతు చొరబడుతుందో కొలిస్తే, అదీ 30 శాతం దగ్గరే చటుక్కున లేచింది. ఎలక్ట్రాన్లు అక్కడ బరువెక్కిపోతున్నాయన్నమాట. అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను రా.

సూపర్ కండక్టివిటీ రావాలంటే ఎలక్ట్రాన్లు జతకట్టాలి. ఆ ఊగిసలాటే వాటిని జతకలుపుతోందని నా నమ్మకం. అన్నిటికీ ఇదే వర్తిస్తుందని మాత్రం అనను. ఐరన్ సెలెనైడ్‌లో మామూలు పీడనంలో ఆ చారలే ఉండవు, అయినా 8 కెల్విన్ల దగ్గర సూపర్ కండక్టర్ అవుతుంది.

గ్రాఫ్ గీసి ఇందులోనే మడిచి పెట్టాను. కిందకి దిగే గీత అయస్కాంతత్వం, గుమ్మటంలా ఉన్నది సూపర్ కండక్టివిటీ. గీత అడుగుని తాకే చోట ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను, చూడు.

నీ బావ