కొలతల పుస్తకం గురించి, నా నోటి గురించి

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈసారి కొత్త డిజైన్ల కబురు కాదు. నా నోటి దురుసు గురించి, దాని వల్ల షాపులో మారుతున్న రెండు మూడు పద్ధతుల గురించి చెప్పాలి.

టేపు మెడలో వేసుకుని ఇరవై ఏళ్ళు దాటింది. కొలత రాసుకుంటూ పాత పేజీ తిప్పి చూడటం, అంకె పెరిగితే "ఏంటమ్మా, కాస్త ఒళ్ళు చేశారే" అనడం నా అలవాటు. చనువుకొద్దీ అంటున్నానులే అనుకునేదాన్ని. కొందరు నవ్వేవారు. నవ్వనివాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారో ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

పోయిన ఏడాది ఒకమ్మాయి వచ్చింది. ఆరేళ్ళుగా నా దగ్గరే కుట్టించుకుంటోంది. నడుము నాలుగంగుళాలు పెరిగింది. నేను మామూలు డైలాగే కొట్టి, పైగా "రాత్రిపూట కాస్త తగ్గించు" అని సలహా కూడా పడేశాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తొందరలో ఉన్నానని చేతులకి పాత కొలతే వేసి కత్తిరించేశాను. ట్రయల్ రోజున చూస్తే నడుము దగ్గర సరిపోయింది, చేతులు మాత్రం సంచుల్లా వేలాడుతున్నాయి. కాలర్ వెనక కూర్చోవడం లేదు, మెడ కింద మెత్తగా ఎత్తు పెరిగింది. నా కటింగే తప్పనుకుని మళ్ళీ కొలిచాను. చేతి చుట్టు పాతదానికంటే ముప్పావంగుళం తక్కువ! ఒళ్ళు చేసిన మనిషికి చేతులు సన్నబడటమేమిటి? అప్పుడైనా నెమ్మదిగా అడగాల్సింది. అడగలేదు. కాలర్ విప్పి సరిచేసి ఇచ్చేశాను.

తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. కీళ్ళవాతానికి ప్రెడ్నిసొలోన్ వాడుతోందట. అది స్టెరాయిడ్ మాత్ర. నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే ఆకలి పెరుగుతుంది, కొవ్వు పొట్ట మీద, ముఖంలో, మెడ వెనక చేరుతుంది, చేతుల్లో తొడల్లో కండ మాత్రం తగ్గుతుంది. మందు వాడకపోయినా శరీరమే కార్టిజాల్ అనే హార్మోన్‌ను అతిగా తయారుచేస్తే ఇదే రూపం వస్తుంది. కుషింగ్ సిండ్రోమ్ అంటారు. హార్వే కుషింగ్ అనే అమెరికా సర్జన్ 1912లోనే ఇలాంటి మనిషి గురించి రాశాడట. నాకు టేపు చెప్పినా తలకెక్కలేదు.

అసలు బాధ ఇంకా ఉంది. నా మాట మనసుకి తగిలి ఆ అమ్మాయి డాక్టరుకి చెప్పకుండా మాత్రలు ఆపేసిందట. నాలుగు రోజులు తిరక్కుండానే వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం, ఆసుపత్రి. స్టెరాయిడ్ చాలాకాలం వాడితే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు సొంత తయారీ తగ్గించేస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలే తప్ప ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. ఇక్కడ మీ అందరి ముందూ అంటున్నాను.

అప్పటినుంచి కొలతలు చూసే తీరు మారింది. బరువు మిషన్ చూపేది ఒక్క అంకె. ఎక్కడ పెరిగింది, ఎన్నాళ్ళలో పెరిగింది అన్నది నా పుస్తకంలో తేదీతో సహా ఉంటుంది.

ఒక పెద్దాయన కొలతలిచ్చి పది రోజులకి ట్రయల్‌కి వచ్చారు. నడుము బటన్ పట్టలేదు. పది రోజుల్లో రెండంగుళాలు! కూర్చుని సాక్స్ తీస్తే కాలి మీద లోతుగా గీత పడింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పడుకుంటే ఊపిరాడక మూడు దిండ్లు పెట్టుకుంటున్నానన్నారు. అది కొవ్వు కాదు, నీరు. రోజుల వ్యవధిలో బరువు పెరిగి కాళ్ళు వాచాయంటే గుండె, కిడ్నీ, లివర్ ఏదో ఒకటి మొరాయిస్తోందేమో చూడాలి. ఆయాసం కూడా ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఆయనకి గుండె పంపింగ్ తగ్గిందని తేలింది. ప్యాంటు ఇప్పటికీ షాపులోనే ఉంది, నీరు తీశాక కొలత మళ్ళీ మారింది మరి.

మెడ మూసి కుట్టమని అడిగే ఆడపిల్లలు కొందరుంటారు. ఎంత రుద్దినా పోని నలుపు మెడ చుట్టూ వచ్చిందని. మురికి అనుకుని గీకేస్తుంటారు పాపం. శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, నడుము పెరుగుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూపించుకోవాలి. పదిమంది ఆడవాళ్ళలో ఒకరికైనా ఉండే సమస్య ఇది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక నా సంగతి. కత్తెర రంధ్రంలో బొటనవేలు బిగుసుకుపోతుంటే కత్తెర మారిందనుకున్నాను. గొంతు బొంగురు, ఫ్యాన్ వేస్తే వణుకు, జుట్టు రాలడం. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించిందన్నారు. హమ్మయ్య, పెరిగిన పన్నెండు కిలోలకీ దొంగ దొరికాడనుకున్నాను. డాక్టరమ్మ నవ్వి, థైరాయిడ్ లెక్కలోకి వచ్చేది మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ అంది. మిగతాది పొద్దస్తమానం కుట్టుమిషన్ ముందు కూర్చున్నందుకు. ఒప్పుకోవడానికి కొంచెం టైం పట్టింది. ఇంకోటి, థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగేదాన్ని. ఖాళీ కడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలట. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం.

మందుల వల్ల బరువు పెరగడం నేననుకున్నదానికంటే మామూలు విషయం. మానసిక సమస్యలకిచ్చే ఒలాంజపైన్, మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్, షుగర్‌కి వాడే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వీటిలో కొన్ని. ఎవరూ సొంతంగా మానకండి. బరువు పెరుగుతోందని రాసిచ్చిన డాక్టరుకే చెబితే వేరే మందు ఉందేమో చూస్తారు.

షాపులో మారేవి ఇవీ. కొలతలప్పుడు నేనూ, నా దగ్గర పనిచేసే పిల్లలూ ఒంటి గురించి ఒక్క మాట అనం. మూడు నెలలు దాటిన కొలతలతో ఫోన్‌లో ఆర్డర్ తీసుకోను, చేతులతో సహా అన్నీ మళ్ళీ కొలుస్తాను. రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ అదనంగా వదులుతాను. మందు మారిందనో, జబ్బు చేసిందనో చెబితే ఒకసారి వదులు చేయడం ఉచితం, ఏ జబ్బని అడగను. స్టెరాయిడో థైరాయిడ్ మందో కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఖరీదైన గుడ్డ ఇప్పుడే కత్తిరించమనకండి, కొన్ని నెలలు ఆగితే మీకే మంచిది. నేను డాక్టర్ని కాను, కాబట్టి ఫలానా జబ్బని చెప్పను. కాళ్ళ వాపులాంటిది కంటపడితే మాత్రం పక్కకి పిలిచి మెల్లగా చెబుతాను, దానికి కోపగించుకోకండి.

డాక్టరుకి చూపించడానికి మీ పాత కొలతలు కావాలంటే తేదీలతో సహా కాగితం మీద రాసిస్తాను. మొత్తం మూడు పుస్తకాలున్నాయి. మొదటిది ఒకసారి వానకి తడిసి కొన్ని పేజీల్లో ఇంకు అలుక్కుపోయింది, ఆ కాలం నాటి వాళ్ళు ఏమీ అనుకోవద్దు.