‘ఇన్ 2021’ దగ్గర ఎందుకు గీత పెట్టానంటే

లీడ్స్, ఇంగ్లండ్
ఆదివారం సాయంత్రం

చిట్టీ,

నువ్వు పంపిన రెజ్యూమె చూశాను. బాగుంది. ఒక్కచోటే ఎర్ర గీత పెట్టాను: ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021’. ఫోన్లో చెబితే ‘హావ్ పెడితేనే కదక్కా గౌరవంగా ఉంటుంది’ అన్నావు. ఇక్కడికొచ్చేదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని. మన చెన్నై పెరంబూరులో ఎంతమంది రెజ్యూమెల్లో ఆ వాక్యం చూడలేదూ!

2021 అయిపోయిన ఏడాది. అయిపోయిన కాలాన్ని అలా విడిగా చెప్పినప్పుడు హావ్ రాదు. ‘ఐ కంప్లీటెడ్’ అని రాయి, చాలు. నిన్న, పోయిన వారం, చిన్నప్పుడు, ఇవేవి ఉన్నా అంతే. ఏడాది ఊసెత్తకుండా డిగ్రీ చేతిలో ఉందని చెప్పడానికైతే ‘ఐ హావ్ కంప్లీటెడ్’ సరిగ్గా సరిపోతుంది.

మనకి తికమక ఎందుకంటే, నిన్న తిన్నా ‘తిన్నాను’, ఇప్పుడే తిన్నా ‘తిన్నాను’. కానీ ఎదురింటి మామి రోజూ అమ్మని తమిళంలో ‘సాప్టాచ్చా?’ అంటుంది చూడు, మనం ‘భోజనం అయిందా’ అన్నట్టు. అమ్మ ఎన్నింటికి తిందో ఆవిడకి అక్కర్లేదు, ఇప్పుడు ఆ పని అయిందా లేదా, అంతే. ‘హావ్ యూ ఈటెన్?’ అంటే అదే. అమ్మ ‘ఒంటిగంటకే తిన్నా’ అందనుకో, అది ‘ఐ ఏట్’. (అమెరికాలో చాలామంది ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అనేస్తారు. అందుకే ఈ విషయం డల్లాస్ బావని అడక్కు.)

నా తిప్పలు కూడా విను. ఒక ఫారంలో ‘ఐ లివ్డ్ ఎట్ దిస్ అడ్రస్ ఫర్ టూ ఇయర్స్’ అని రాశాను. మర్నాడు మెయిలొచ్చింది: మరి ఇప్పుడెక్కడ ఉంటున్నారు? ఎక్కడికీ పోలేదు మహాప్రభో, ఆ ఇంట్లోనే కూర్చుని రాశాను! ‘హావ్ లివ్డ్’ అని ఉంటే ఇంకా ఉన్నట్టు, ఉత్త ‘లివ్డ్’ అంటే ఖాళీ చేసినట్టు. ‘రెండేళ్ళుగా ఉంటున్నాను’ని అలాగే దించేసి ‘ఐ యామ్ లివింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అనకు. ఎంతకాలమో చెప్పడానికి ఫర్, ఎప్పట్నుంచో చెప్పడానికి సిన్స్.

మొన్న ఆఫీసులో గోంగూర పచ్చడి పంచుతూ ‘మై గ్రాండ్‌మదర్ హాజ్ ఆల్వేస్ మేడ్ ఇట్ లైక్ దిస్’ అన్నాను. పక్క సీటావిడ రుచి చూసి, ‘ఈసారి ఊరెళ్ళినప్పుడు ఎలా చేస్తారో ఆవిడనే అడిగి రా’ అంది. హాజ్ అన్నాను కదా, అమ్మమ్మ ఇంకా రోలు ముందు కూర్చునే ఉందనుకుంది. హాజ్ తీసేసి ఉత్త ‘మేడ్’ అనాల్సింది. నోరు రాలేదే. సరే, అడుగుతానన్నాను.

రెజ్యూమె దిద్ది బుధవారంలోగా మళ్ళీ పంపు. నాన్నని బీపీ మాత్ర మర్చిపోవద్దని చెప్పు.

అక్క