సముద్రం వాలదురా అబయా

నెల్లూరు,
ఆదివారం సాయంత్రం

ఒరే అబయా,

నువ్వు పంపిన కొత్తపట్నం ఫోటోలు 43 చూశాను. ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో పెద్దవి చేసి ఇంకోసారి. ఆ నీలం పడవ ఫోటో దగ్గర మాత్రం ఆగిపోయాను. పక్కన ఆరేసిన వల మీద తడి మెరుస్తోంది, వెనక ఆకాశం ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఒంగోలు నుంచి చీకట్లో బండి మీద వెళ్లినందుకు దక్కాల్సింది దక్కింది. అయితే "ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు" అని రాశావే, ఆ తేడా నాకు కనిపించింది. ఫోన్‌లో చెబితే సగం చెప్పి వేరే కబుర్లలో పడతాం. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ ఫోటోలో సముద్రం ఎడమవైపుకి ఒలికిపోతోందిరా. కొలిచి చూశాను, దాదాపు 2 డిగ్రీలు. అదెంతలే అనుకోకు. నీ కెమెరాలో ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు. ఒక్క డిగ్రీ వాలితే చాలు, ఆ చివరకీ ఈ చివరకీ 105 పిక్సెళ్ల తేడా వస్తుంది. 12 అంగుళాల వెడల్పున ప్రింటు వేయిస్తే 5 మిల్లీమీటర్లు. నీది దానికి రెట్టింపు. కొండనో చెట్టునో తీస్తే ఎవరూ పట్టించుకోరు. నీళ్లు వాలితే మాత్రం చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది.

ఎందుకు వాలిందో కూడా చెప్పనా? ఇసుకలోకి లాగిన పడవ ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే ఉంటుంది. నీ పడవ కుడివైపుకి ఒరిగింది. నీ కన్నంతా దాని మీదే ఉంది కాబట్టి, నీకు తెలియకుండానే దాన్ని నిటారుగా నిలబెట్టడానికి కెమెరా కుడి పక్కని కిందికి దించావు. పడవ నిలబడింది, సముద్రం వాలిపోయింది. కెమెరా కుడికి వంగితే బొమ్మలో నీళ్లు ఎడమకి జారతాయి, గుర్తుపెట్టుకో. పైగా కుడి చూపుడువేలుతో బటన్ గట్టిగా నొక్కితే కూడా అదే జరుగుతుంది. మిగతా 42 కూడా ఒకసారి తిరగేసి చూడు, ఎక్కువ భాగం అటే వాలి ఉన్నాయి. అంటే అలవాటన్నమాట.

ఈ విషయం నాకు ఇంత పట్టింపు ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాన్న షష్టిపూర్తి అయిన మర్నాడు అందరం మైపాడు వెళ్లాం. నాన్న మోకాళ్ల లోతు నీళ్లలో, అమ్మ కాస్త ఎడమగా, ఫ్రేము అంచున, కుచ్చిళ్లు పైకి పట్టుకుని అలని చూసి నవ్వుతోంది. అమ్మ అలా నవ్వే ఫోటో మా ఇంట్లో ఇంకోటి లేదు. పెద్దది చేయించి హాల్లో పెట్టాను. తర్వాత పైన గది వేయడానికి వచ్చిన మేస్త్రీ దాన్ని చూసి, గబుక్కున వెళ్లి ఫ్రేము సరిచేయబోయాడు. ఎంత సర్దినా కుదరలేదు. చివరికి సంచిలోంచి రసమట్టం తీసి ఫ్రేము మీద పెట్టాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. "ఫ్రేము బాగానే ఉంది సార్, సముద్రమే వాలింది" అన్నాడు.

ఆ రాత్రే కంప్యూటర్‌లో తిప్పి చూశాను. 3 డిగ్రీలు. సముద్రం నిలబడింది గానీ, తిప్పినప్పుడు మూలలు ఖాళీ అవుతాయి కదా, వాటిని కత్తిరించాలి. మన మామూలు 3:2 కొలతలోనే (వెడల్పు 3 పాళ్లు, ఎత్తు 2 పాళ్లు) ఉంచాలంటే 3 డిగ్రీలకి దాదాపు 14 శాతం బొమ్మ పోతుంది. అక్కడ పోయింది అమ్మ మోచెయ్యి, పాదాలు. మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను. ఇవాళ్టికీ గోడ మీద వాలిన సముద్రమే ఉంది. 'తర్వాత సరిచేసుకోవచ్చులే' అని ఎవరైనా అంటే అందుకే నాకు మనసొప్పదు. 1 డిగ్రీ అయితే 5 శాతంతో పోతుంది, ఫరవాలేదు. కానీ అంచున ఎవరున్నారో ఆ క్షణంలో మనకి తెలియదు.

ఆ మేస్త్రీ మర్నాడు గోడల మట్టం చూడటానికి పారదర్శకంగా ఉండే పొడుగాటి ట్యూబులో నీళ్లు పోసి, ఒక కొస తను, ఒక కొస కూలీ పట్టుకున్నారు. మధ్యలో ట్యూబు ఎన్ని వంకరలు తిరిగినా రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున ఆగాయి. సముద్రం అంతకంటే ఏమిటి చెప్పు? దేవుడు నింపిపెట్టిన లెవెల్ ట్యూబు.

ఇక నేను చేసే పద్ధతి చెబుతాను. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద, మోచేతులు రెండూ డొక్కలకి ఆనించి. ముందు సముద్రపు గీతని, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసే చోటుని, ఫ్రేము కింది అంచు దగ్గరికి తీసుకురా. అంచు పక్కన పెడితే వెంట్రుకవాసి వాలు కూడా దొరికిపోతుంది. రెండు కొసలూ సమానమయ్యాక, చేతులు మెలితిప్పకుండా కెమెరాని కిందికి వంచి, గీత నీకు కావలసిన చోటికి తెచ్చుకో. నొక్కేముందు ఎడమ కొస, కుడి కొస, అంతే చూడు. మధ్యలో చూడకు. ఒడ్డున నురుగు గీతని అసలు నమ్మకు, అది ఏటవాలుగానే వస్తుంది.

తెల్లవారుజామున మంచు తెర ఉంటే నీరెక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. అప్పుడు కెమెరాలో ఉండే లెవెల్ గీతే దిక్కు. మీ పాప ఐఫోన్‌లో తీస్తుందన్నావు కదా, సెట్టింగ్స్‌లో కెమెరాలోకి వెళ్తే లెవెల్ అని ఉంటుంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి అది విడిగా ఇచ్చారు. ట్రైపాడ్ అయితే తడి ఇసుకలోకి ముందే గట్టిగా దించాలి. అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసుక లాక్కుపోతుంది, ఒక కాలు కుంగుతుంది. ప్రతి అల తర్వాతా చూసుకో. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడుగు.

ఇంకోటి. వెడల్పు లెన్స్‌తో తీసి గీతని పైభాగంలో పెట్టినప్పుడు సముద్రం మధ్యలో ఉబ్బినట్టు కనిపిస్తే, భూమి గుండ్రం కనిపించిందని మురిసిపోకు. అది లెన్స్ పని. ఒడ్డున నిలబడితే మన కంటికి ఆ గీత 4.6 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది, అంత దగ్గర్లో భూమి వంపు కనబడదు. గీత ఫ్రేము మధ్యకి వస్తే వంపు దానంతట అదే పోతుంది. మధ్యలో పెట్టకూడదని అందరూ అంటారు గానీ, జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1980 నుంచి ఎన్నో సముద్రాలని నలుపు తెలుపుల్లో సరిగ్గా సగం నీరు, సగం ఆకాశంగా తీశాడు. నాకవి ఎంత చూసినా తనివి తీరదు.

చెరువుల దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. మొన్న స్వర్ణాల చెరువు గట్టున దర్గా వైపు తీస్తుంటే, అవతలి ఒడ్డు ఒక కొసన దగ్గరగా, ఒక కొసన దూరంగా ఉంది. దగ్గరున్న ఒడ్డు ఫ్రేములో కిందికి కనబడుతుంది, అది సహజం. దాన్ని సమం చేయబోతే మొత్తం చెడుతుంది. నీళ్లు నిలకడగా ఉంటే ఫ్రేము మధ్యలో ఉన్న ఒక లైటు స్తంభం కొనని, నీళ్లలో దాని ప్రతిబింబం కొనతో కలుపు. ఆ గీత నిట్టనిలువుగా ఉంటే కెమెరా సరిగ్గా ఉన్నట్టే. మబ్బుగా ఉన్న రోజు సోమశిల జలాశయం దగ్గర దీన్ని సరిచూసుకోవాలని ఉంది. నువ్వొస్తే ఇద్దరం వెళ్దాం.

నీలం పడవ ఫోటో వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, అసలు సైజులో వస్తుంది. పడవ మోర కుడి అంచుకి కాస్త ఎడంగానే ఉంది, 2 డిగ్రీలు తిప్పినా తెగదనుకుంటాను. వల కొస సంగతే చూడాలి. రేపు రాత్రికి చేసి పంపుతాను. వచ్చే ఆదివారం మళ్లీ కొత్తపట్నం వెళ్తే అదే పడవని, ఒరిగింది ఒరిగినట్టే తీసుకురా.

నీ
నెల్లూరు వాడు