డిసెంబరులో మా దగ్గర స్ట్రింగ్స్ మార్పించుకున్నవారికి

పోయిన నెల మేం తీగలు మార్చి ఇచ్చిన ఎలక్ట్రిక్ గిటార్లలో కొన్నింటికి పని సరిగ్గా చేయలేదు. తప్పు మాదే. ఏం జరిగిందో చెప్తాను.

విశాఖలో క్రిస్మస్‌కి ముందు పదిహేను రోజులూ మా కొట్టు జాతరే. చర్చి బ్యాండ్ల పిల్లలంతా ఒక్కసారే వస్తారు. ఈసారి 9 గేజు సెట్లు (గేజు అంటే తీగ మందం) మధ్యలోనే అయిపోయాయి. సరుకు వచ్చేదాకా ఆగమని చెప్పాల్సింది. బేరం పోతుందని, "10 గేజు ఉంది, సౌండ్ ఇంకా నిండుగా ఉంటుంది, వేసేయమంటారా?" అన్నాం. సరేనన్నవాళ్లందరికీ వేసేశాం. బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు ముక్క) కదలని లెస్ పాల్ తరహా గిటార్లతో పెద్ద ఇబ్బంది రాలేదు. వెనక స్ప్రింగులు, ముందు వామీ బార్ (బ్రిడ్జిని ఊపి స్వరాన్ని వంచే కడ్డీ) ఉండే స్ట్రాటోకాస్టర్ తరహావాటితోనే వచ్చింది చిక్కంతా.

26వ తేదీ పొద్దున షట్టర్ తీసేసరికి ఒకబ్బాయి గిటార్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అన్నా, రెండో పాటకే శ్రుతి పోయింది. ఒక తీగ సరిచేస్తే ఇంకోటి దిగిపోతోంది." చూద్దును కదా, బ్రిడ్జి వెనక అంచు పైకి లేచిపోయి ఉంది. దాని కింద మూడు రూపాయి బిళ్లలు పేర్చి దూర్చొచ్చు. తీగలు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) మీద అంతెత్తున ఉంటే పాపం పండగంతా ఎలా నొక్కాడో.

9 గేజు అంటే అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. 10 అంటే పది వంతులు. కంటికి ఆనే తేడా కాదు. కానీ ఆరు తీగలూ కలిపి మామూలు శ్రుతిలో 9 సెట్ బ్రిడ్జిని లాగే బలం ఇంచుమించు 38 కేజీలైతే, 10 సెట్‌ది 46 పైచిలుకు. ఆ ఎనిమిది కేజీలూ వెనక స్ప్రింగులే కాయాలి. అందుకే వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన పట్టీకి ఉన్న రెండు మరలు కాస్త బిగించాలి, శ్రుతి చేయాలి, బ్రిడ్జి ఎంత దిగిందో చూసి మళ్లీ బిగించాలి, మళ్లీ శ్రుతి చేయాలి. ఓపిక పట్టి చేస్తే ముప్పావు గంట. బయట ఎనిమిదిమంది నిలబడి ఉన్న టెన్షన్‌లో మేం ఆ మూతే తీయలేదు. మా కుర్రాణ్ణి అనడానికి లేదు, తీయక్కర్లేదన్నది నేనే.

ఒకరిద్దరు ట్యూనింగ్ కీలు (తీగలు బిగించే చెవులు) పోయాయనుకుని కొత్తవి కొంటామని ఫోన్ చేశారు. దయచేసి కొనకండి. కీలు బాగానే ఉంటాయి.

గిటార్ తీసుకురండి, ఊరికే సెట్ చేసి ఇస్తాం. 10 గేజు వద్దనుకుంటే 9 సెట్ కొత్తది వేస్తాం, దానికీ డబ్బు తీసుకోం. ఇకమీదట స్ప్రింగుల గిటార్‌కి గేజు మారిస్తే ఒక రాత్రి మా దగ్గరే ఉంచుకుంటాం. కొత్త తీగలు సాగి కుదుటపడ్డాక, పొద్దున ఇంకోసారి చూసి ఇస్తాం. అర్జెంటు అంటే గిటార్‌కి ముందునుంచీ ఉన్న గేజే వేస్తాం. పండగ అయినా ఇదే పద్ధతి.

వచ్చేటప్పుడు వామీ బార్ కూడా తెండి. సగంమంది దాన్ని ఇంట్లోనే వదిలేసి వస్తారు. అది ఊపి చూడకుండా గిటార్ తిరిగి ఇవ్వను.