పెద్దమ్మ నడక గురించి రమణకి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "ఆపరేషన్ అయిన మనిషిని నాలుగు రోజులు పడుకోనివ్వకుండా ఎందుకురా పీడిస్తున్నావు" అని పుణెలో కూర్చుని బాగానే దులిపావు. పెద్దమ్మ నీకు ఫోన్లో ఏడ్చి చెప్పి ఉంటుంది. నా ముందు ఏడవదులే, తిడుతుంది. నిన్న సాయంత్రం వాకర్ పట్టుకుని హాల్లోంచి వంటింటి గడప దాకా వెళ్లింది. ఆపరేషన్ అయిన కాలు నేల మీద ఆనించడానికి ముందు ఓసారి నా మొహంలోకి చూసింది, పెదవి కొరికింది, ఆనించింది. "నీ చదువు తగలెయ్యా" అంది. మళ్లీ ఇంకో అడుగు వేసింది. బరువు వెయ్యొచ్చని సర్జన్ గారు రాసిచ్చాకే మొదలుపెట్టాను, ఆ కాయితం నీకూ పంపాను, నువ్వు చదివి ఉండవు.

ఎందుకు నడిపిస్తున్నానో ఫోన్లో రెండు ముక్కల్లో తేలదు. టీ పెట్టుకుని కూర్చో.

ఎముక అంటే ప్రాణం లేని సరుకు అనుకుంటాం కదా. దాని లోపల ఆస్టియోసైట్లు అనే కణాలు కూరుకుపోయి ఉంటాయి. ఎముకలో ఉన్న కణాల్లో నూటికి తొంభై అవే. సన్నటి కాలువల్లోంచి పోగులు చాచుకుని పక్కవాటితో కలిసి ఉంటాయి. మనం అడుగు వేస్తే ఎముక కంటికి తెలియనంత కొద్దిగా వంగుతుంది, ఆ కాలువల్లో ద్రవం కదులుతుంది, ఆ కదలిక వాటికి తెలుస్తుంది. ఇక్కడ బరువు పడుతోంది, ఎముక కట్టండని కబురు వెళ్తుంది. బరువే పడకపోతే ఎముకని కరిగించే కణాలదే పైచేయి. బరువుని బట్టి ఎముక తన అల్లిక మార్చుకుంటుందని జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లోనే పుస్తకం రాశాడు. అంతరిక్షంలో నెలల తరబడి తేలుతూ ఉండేవాళ్లకి తుంటి దగ్గర ఎముక సాంద్రత నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా పడిపోతుంది. వాళ్లు దిట్టమైన మనుషులు, పైగా రోజూ వ్యాయామం చేస్తారు. ఇంక మంచానికి అతుక్కుపోయిన డెబ్బై దాటిన మనిషి సంగతి నువ్వే ఆలోచించుకో.

సరే, "తెలుస్తుంది" అనేశాను. కణానికి కళ్లా చెవులా, ఎలా తెలుస్తుంది? నాకు అసలు పిచ్చి పట్టింది ఇక్కడే. మేం చదువుకున్నప్పుడు ఈ ముక్క ఎవరూ సరిగ్గా చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి మన శరీరంలో ఆ పని చేసే ప్రోటీన్ ఏదో దొరకలేదు. దొరికింది 2010లో. పట్టుకున్నాయన ఆర్డెమ్ పటపూటియన్. బీరూట్‌లో పుట్టిన ఆర్మేనియన్. అక్కడ లెబనాన్‌లో జరుగుతున్న అంతర్యుద్ధం తట్టుకోలేక 1986లో అమెరికా వెళ్లాడు. కాలేజీలో చేరేలోగా పొట్టకూటికి పిజ్జాలు అందించాడు, ఒక ఆర్మేనియన్ పత్రికకి వారఫలాలు కూడా రాశాడట! మన దగ్గర వారఫలాలు రాసేవాళ్లకి నోబెల్ వచ్చే ఆశ ఇంకా ఉందన్నమాట.

ఆయన ల్యాబ్‌లో బెర్ట్రాండ్ కోస్ట్ అనే కుర్రాడు చేసిన పని విను. ఎలుక కణాల్లో ఒక రకం ఉంది, సన్నటి గాజు సూది మొనతో మెల్లగా నొక్కితే కణం చిన్న కరెంటు పుట్టిస్తుంది. అంటే నొక్కుడు తెలిసే సరంజామా లోపల ఎక్కడో ఉందన్నమాట. ఆ పని చేసి ఉండొచ్చనిపించిన జన్యువులు 72 జాబితా రాసుకున్నారు. ఒక్కోదాని నోరు మూయించడం, కణాన్ని నొక్కడం, కరెంటు వస్తోందా లేదా చూడటం. వస్తూనే ఉంది. ఇంకోటి మూయించడం, నొక్కడం, వస్తూనే ఉంది. నెలలు గడిచాయి. చివరికి జాబితాలో ఆఖరుది, 72వది మూయించినప్పుడు కరెంటు ఆగిపోయింది. దానికి పియెజో1 అని పేరు పెట్టారు. దాని తోబుట్టువు పియెజో2. నేనైతే నలభై దగ్గరే జాబితా చించేసి బీచ్‌కి పోయి మూరీ మిక్చర్ తినేవాణ్ని.

ఆ జన్యువు వల్ల తయారయ్యే ప్రోటీన్ చూడటానికి మన మూడు రెక్కల సీలింగ్ ఫ్యానే. కణం పొరలో ఇరుక్కుని ఉంటుంది, రెక్కలు వంగి ఉంటాయి గనక పొర కూడా అక్కడ గుంటపడుతుంది. పొర సాగిందా, రెక్కలు చదునవుతాయి, మధ్యలో రంధ్రం తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి జొరబడుతుంది. అంతే, కణానికి వార్త చేరినట్టే. ఎలుకల్లో ఎముక కణాల నుంచి పియెజో1 తీసేసి చూశారు. ఎముకలు పలచబడిపోయాయి.

2021లో పటపూటియన్‌కి నోబెల్ వచ్చింది, డేవిడ్ జూలియస్ అని వేడి, కారం మనకెలా తెలుస్తాయో కనిపెట్టినాయనతో కలిపి. కమిటీ వాళ్లు అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఈయన ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఆఖరికి 94 ఏళ్ల వాళ్ల నాన్నగారికి చేసి చెప్పారు. నీకు ఫోన్ చేసినా ఇంతేగా!

రెండోది, పియెజో2, నాకు ఇంకా ఇష్టం. కళ్లు మూసుకుని చూపుడువేలితో ముక్కు ముట్టుకో. తగిలిందా? చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలిసింది కదా, అది దీని పుణ్యమే. పుట్టుకతోనే పియెజో2 పనిచేయని ఇద్దరిని అమెరికాలో పరీక్షించి 2016లో అచ్చువేశారు. చూస్తూ ఉంటే నడవగలరు. కళ్లకి గంతలు కడితే తూలిపోయారు. నొప్పి, వేడి, చల్లదనం మాత్రం బాగానే తెలుస్తాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ గుర్తుందా? తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, రాత్రంతా 32 కిలోమీటర్లు, నువ్వు సగం నిద్రలో కబుర్లు చెబుతూ నడిచావు. కాళ్ల వైపు ఒక్కసారైనా చూశావా? (పొద్దున్నే పాదాలు చూసి నన్ను తిట్టావు, అది వేరే సంగతి.)

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. మూలకణాలని, అంటే ఏ కణంగా మారాలో ఇంకా తేల్చుకోని కణాలని, మెత్తటి జెల్ మీద పెంచితే నాడీకణాల పోలికలు, కొంచెం గట్టిదాని మీద కండరం పోలికలు, బాగా గట్టిదాని మీద ఎముక పోలికలు వస్తాయని 2006లో ఎంగ్లర్, డిషర్ వాళ్లు చూపించారు. పెట్టిన తిండి ఒక్కటే, పడుకున్న పరుపు గట్టిదనమే తేడా! ఇది చదివిన రోజు భోజనం దగ్గర మా ఆవిడకి చెప్పాను. "అయితే మన పరుపు మార్చాలి" అంది.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి. వయసుతో ఈ కాళ్ల తెలివిడి కాస్త మందగిస్తుంది, చీకట్లో కంటి సాయం కూడా పోతుంది. ఆవిడ పడింది కూడా రాత్రి బాత్రూంకి వెళ్తూనే. అందుకని దారిలో రెండు నైట్ ల్యాంప్‌లు పెట్టించాను, గోడకి పట్టుకునే రాడ్ రేపు బిగిస్తారు. ఆ మెత్తటి స్పాంజి చెప్పులు తీసి దాచేశాను, ఇంకా వెతుకుతోంది, నువ్వు చెప్పకు. వెనక పట్టీ ఉన్నవి జగదాంబ దగ్గర నేనే కొంటాను. పుణె నుంచి నువ్వేమీ తేవద్దు, పోయినసారి తెచ్చినవి పెద్దమ్మకి రెండు సైజులు పెద్దవి. రాడ్‌కీ ల్యాంప్‌లకీ కలిపి బిల్లు ఫొటో పంపాను, డబ్బులు ఈసారైనా అడిగించుకోకుండా వెయ్యి.

నీ
శ్రీను